చిన్నమనూరు సీమలో కాన్పు: మంత్రసాని నుంచి మరణ విచారణ దాకా

చరిత్రకారులకు చిన్నమనూరు పాండ్యుల తామ్ర శాసనాల ఊరు. కాన్పు గదిలో ఏం జరిగిందో మాత్రం ఏ శాసనమూ చెప్పదు. తమిళనాడులో నేటి తేని జిల్లాలోని ఈ ఊరు 1990ల దాకా మదురై జిల్లాలో ఉండేది. చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లలోనూ, తమిళ ఇళ్లలోనూ పురుడు పోసేది మంత్రసానే. ఆమె అనుభవం చాలా కాన్పులకు సరిపోయేది. ఆగని నెత్తురు, పురిటి జ్వరం, గుర్రపువాతం (గర్భిణికి వచ్చే మూర్ఛ), అడ్డం తిరిగిన బిడ్డ ఎదురైతే ఆమె చేతిలో మందూ లేదు, కత్తీ లేదు. ఆస్పత్రికి దారి దూరం. ఆ దూరమే చాలామందిని చంపింది.

మద్రాసులో ప్రసూతి ఆస్పత్రి 1844లోనే వెలిసింది. పల్లెకు ఆ వైద్యం చేరడానికి శతాబ్దం పైగా పట్టింది. 1987లో వైద్యురాలు ముత్తులక్ష్మి రెడ్డి పేరిట పేద గర్భిణులకు ఆర్థిక సాయం మొదలైంది. అసలు మలుపు 1994: ప్రతి మాతృమరణాన్నీ నివేదించాలని తమిళనాడు నిర్ణయించింది. తర్వాతి విచారణల్లో వైద్య కారణంతో పాటు బండి ఎందుకు ఆలస్యమైంది, నెత్తురు ఎందుకు దొరకలేదు అన్నవీ అడిగారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రాత్రీపగలూ నర్సులను పెట్టారు.

లక్ష సజీవ జననాలకు తమిళనాడులో తల్లుల మరణాలు 2001-03లో 134. 2018-20 నాటికి 54.