అత్తగారి పేరు మీదికి వెళ్ళిన భూమి

ఎలినోర్ ప్రూయిట్ స్టూవర్ట్ ఉత్తరాల్ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆవిడ చెప్పిందంతా నమ్మేశాను. రెండోసారి చదివేనాటికి ఆవిడ ఏమేం దాచిందో తెలిసిపోయింది. విచిత్రంగా, ఆవిడ మీద ఇష్టం పెరిగింది రెండోసారే.

చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. డెన్వర్‌లో ఇళ్ళల్లో బట్టలుతికి, పొయ్యిలు రాజేసి, జెరీన్ అనే చిన్న కూతుర్ని పెంచుకుంది. 1909లో వయోమింగ్‌లోని బర్న్ట్ ఫోర్క్‌కి, క్లైడ్ స్టూవర్ట్ అనే రైతు ఇంట్లో పనికి వెళ్ళింది. అక్కడికి రైలుమార్గం అరవై మైళ్ళ దూరం. అక్కడినుంచి తన పాత యజమానురాలు జూలియెట్ కోనీకి ఉత్తరాలు రాసింది. అవి ‘అట్లాంటిక్ మంత్లీ’లో అచ్చయి, 1914లో ‘లెటర్స్ ఆఫ్ ఎ వుమన్ హోమ్‌స్టెడర్’ పేరుతో పుస్తకమయ్యాయి.

1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం అప్పట్లో 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. అయిదేళ్ళు అక్కడే ఉండి, ఇల్లు కట్టి, సాగు చేస్తే పట్టా వచ్చేది. 21 ఏళ్ళు నిండిన ఒంటరి స్త్రీలూ, వితంతువులూ, విడాకులు తీసుకున్నవాళ్ళూ అర్హులుగానే ఉండేవారు. భర్తతో కాపురం చేసే ఇల్లాలికి మాత్రం ఆ వీలు ఉండేది కాదు. ఎలినోర్ క్లైడ్ పొలాన్ని ఆనుకునే దరఖాస్తు పెట్టింది.

ఉత్తరాల్లో పని కూడా పండగలా ఉంటుంది. గడ్డి కోతకు మనుషులు దొరక్కపోతే తనే యంత్రమెక్కి కోసేసింది. ఆ పని చిన్నప్పుడే నేర్చుకుందని అప్పటిదాకా క్లైడ్‌కు చెప్పనే లేదట! 1913 జనవరి ఉత్తరంలో, వేసవంతా రోజుకు రెండు పూటలా పది ఆవుల పాలు పితికాననీ, వెన్న అమ్మి ఏడాదికి సరిపడా పిండీ గ్యాసొలీనూ కొన్నాననీ లెక్క చెప్పింది. ఉతుకుడు తొట్టి దగ్గర పడే కష్టం నేల మీద పడితే ఏ పేద స్త్రీ అయినా సొంతింటిదవుతుందని ఆవిడ వాదన.

ఇక దాచిన సంగతులు. వచ్చిన ఆరు వారాల్లోపే క్లైడ్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ మాట కోనీకి చెప్పడానికి సిగ్గుపడి దాదాపు ఏడాది ఆగింది. తాను వితంతువునని చెప్పుకుంది కానీ, మొదటి భర్త నుంచి విడాకులు తీసుకుందని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అన్నిటికన్నా పెద్దది భూమి సంగతి. భార్యాభర్తలు పక్కపక్కనే రెండు కాపురాలు చేస్తున్నామని చూపించి రెండు పట్టాలు తీసుకోవడం కుదిరే పని కాదు. 1912లో ఆవిడ తన దరఖాస్తు వదులుకుంది. ఆ భూమిని అత్తగారు తన పేరు మీద పెట్టుకుంది. అంటే, ఆడవాళ్ళంతా రండి, భూమి సంపాదించుకోండి అని ఆ జనవరి ఉత్తరం రాసేనాటికి ఆవిడ పేరు మీద ఆ భూమి లేదు.

అబద్ధమే. దాన్ని తేలిగ్గా తీసుకోలేను. ఆ ఉత్తరం చదివి ఏ చాకిరీ మనిషైనా ఒంటరిగా బయల్దేరి ఉంటే? క్లైడ్ ఆవులూ, ఇల్లూ, తోడూ లేని చోట ఆమె గతేమిటి? ఇంకోమాట కూడా ఉంది. అందరూ ఉచితమన్న ఆ నేల అంతకుముందు షోషోనీల తిరుగాడిన నేల. ఉత్తరాల ఉత్సాహంలో ఆ నష్టానికి చోటు దొరకలేదు.

మరి ఇష్టం ఎందుకు పెరిగింది? మొదటి చదువులో నాకు కనిపించింది ఎవరి సాయమూ అక్కర్లేని వీరవనిత. అలాంటి మనిషి లేదు. ఉన్నది తన సంపాదనతోనే తన నేలను బాగుచేసుకోవాలని పెళ్ళికి ముందే భర్త దగ్గర మాట తీసుకున్న మనిషి. కొడుకు జేమీ పసితనంలోనే పోతే, క్లైడ్ చెక్కతో చేసిన చిన్న పెట్టెకు లోపల మెత్తగా గుడ్డ పరిచి కుట్టింది తనే. ఆ దుఃఖాన్ని కూడా కోనీకి చాలాకాలం చెప్పలేదు.

పట్టా మీద పేరు మారింది. పాలు పితికిన చేతులు మాత్రం ఆవిడవే. ఉత్తరాల్లో ఆవిడ అబద్ధమాడింది భూమి ఎవరిదన్న విషయంలోనే, పని ఎవరు చేశారన్న విషయంలో కాదు.