లుసైల్‌లో మూడు సెకన్లు

మా అల్ మన్సూరాలో తెలుగువాళ్ళు నలుగురు చేరితే క్రికెట్ కబుర్లే. దోహాకి ఉత్తరాన లుసైల్‌లో ఉన్న షూటింగ్ రేంజి ఊసు ఎవరూ ఎత్తరు. 2006 డిసెంబరులో ఆసియా క్రీడలప్పుడు అక్కడ జరిగిన ఓ పోటీ గురించి ఈ పూట చెప్పుకుందాం.

పోటీ పేరు సెంటర్ ఫైర్ పిస్టల్. దూరం 25 మీటర్లు, గుండ్లు 60. మొదటి 30 నిదానంగా కాల్చవచ్చు, అయిదేసి గుండ్లకు అయిదు నిమిషాలు. తర్వాతి 30కి పిస్టల్‌ని 45 డిగ్రీలు కిందికి దించి నిలబడాలి. టార్గెట్ మూడు సెకన్లు కనబడుతుంది, ఏడు సెకన్లు మాయమవుతుంది. ఆ మూడు సెకన్లలో చెయ్యెత్తి ఒక్క గుండు కాల్చాలి. ముప్ఫై గుండ్లకూ కలిపి టార్గెట్ కనబడేది 90 సెకన్లే!

వేగమంటే వేలిదే అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. వేలు తొందరపడితే గొట్టం కదిలి గురి తప్పుతుంది. తొందరంతా చెయ్యి ఎత్తడంలోనే. చెయ్యి లేస్తుండగానే ట్రిగ్గరు మీద సగం ఒత్తిడి పడిపోవాలి. చూపు టార్గెట్ మీద కాదు, గొట్టం కొసనున్న ఫ్రంట్ సైట్ మీద ఉండాలి. చెయ్యి నిలిచాక మిగిలిన ఒత్తిడి మెల్లగా వెయ్యాలి. ముందు మిగిల్చిన సమయం చివర్లో వాడుకోవడమన్నమాట. ఒకటో తారీఖునే ఇంటికి డబ్బు పంపేసి మిగిలినదానితో నెల నెట్టుకొచ్చే మనకి ఈ లెక్క కొత్త కాదు లెండి.

ఆ రోజు జస్పాల్ రాణా ఒంట్లో జ్వరం. వయసు ముప్ఫై. ఇదే పోటీలో హిరోషిమాలో స్వర్ణం గెలిచి అప్పటికి పన్నెండేళ్ళు, అది 1994 మాట. అయినా 600కి 590 కొట్టాడు. అప్పటి ప్రపంచ రికార్డుతో సమానం. సమరేశ్ జంగ్, విజయ్ కుమార్‌లతో కలిసి జట్టు స్వర్ణమూ తెచ్చాడు. చివరి గుండ్లు పది సెకన్లకు అయిదు చొప్పున కాల్చాల్సిన స్టాండర్డ్ పిస్టల్లోనూ స్వర్ణం ఆయనదే.

ఒంటి బాధని దాటినవాడు ఇంకొకడున్నాడు, హంగరీ సైనికుడు కారొలీ తాకాచ్. 1938లో చేతిబాంబు పేలి కుడిచెయ్యి పాడైతే ఎడమచేత్తో మళ్ళీ మొదలుపెట్టాడు. 1948లో లండన్‌లో, 1952లో హెల్సింకీలో రాపిడ్ ఫైర్ స్వర్ణాలు గెలిచాడు.

ఆడపిల్లల 25 మీటర్ల పిస్టల్లోనూ ఇదే మూడు సెకన్ల లెక్క. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అందులో జట్టు స్వర్ణం, విడిగా రజతం తెచ్చిన ఈషా సింగ్ మన హైదరాబాదు పిల్లే.