ప్రజలు, పౌరులు: బర్మా తెలుగువారి చరిత్ర



పెన్నానది యొడ్డున సంగము గ్రామమందు నేను చిరకాలము బడిపంతులుగా నుంటిని. ఏటేట వేసవిసెలవులు ముగియగానే క్రొత్తపిల్లలను బడిలో చేర్చుకొనుట నా పని. పట్టికలో పిల్లవాని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది వ్రాసిన పిమ్మట "జాతీయత" యను గడి యొకటి వచ్చును. అందు "భారతీయుడు" అని వ్రాయుటకు నేనెన్నడును ఎవరిని అడిగినవాడను గాను. సూర్యుడు తూర్పున నుదయించునని వ్రాయుటకు సాక్ష్యమేల?

1986 లో ఒక యుదయమున, మా ప్రాంతపు బియ్యపుమరలో పనిచేయు వృద్ధుడొకడు తన మనుమని వెంటబెట్టుకొని వచ్చెను. నేనా గడి నింపుచుండగా తొంగిచూచి, "ఏం వ్రాశారయ్యవారూ?" అనెను. చదివి వినిపించితిని. అతడు నవ్వి, "ఎంత తేలిగ్గా వ్రాసేశారు! ఆ ఒక్క ముక్క కోసం నేను రంగూనులో ఎన్ని నెలలు వరసలో నిలబడ్డానో!" అనెను. చరిత్ర చదివి చెప్పువాడనని నాకుగల గర్వము ఆనాడు కొంత తగ్గినది. అతడు చెప్పినదియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు కలిపి నేడు మీకు విన్నవింతును.

మొదట రెండు మాటల సంగతి. "ప్రజ" యనగా సంస్కృతమున సంతానము. రాజు తండ్రివంటివాడు గాన ఏలుబడిలోని జనులు ప్రజలైరి. "పౌరుడు" అనగా పురమందుండువాడు. పూర్వగ్రంథములలో పౌరులు వేరు, పల్లెలలోని జానపదులు వేరు. మన ఉదయగిరి దుర్గమును 1514 లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గైకొనెను. తరువాత గోలకొండవారు వచ్చిరి, ఆర్కాటు నవాబులు వచ్చిరి, 1801 లో ఈ సీమ కుంఫిణీవారి వశమయ్యెను. ఇన్నిమార్లు దొరలు మారినను, పెన్న యొడ్డున మడి దున్నుకొను రైతు "నేను ఇకమీదట మీవాడను" అని ఎవరికిని అర్జీ పెట్టుకొనలేదు. శిస్తు ఎవరికి కట్టిన వారి ప్రజయే. నేటి యర్థమున పౌరుడు అట్లు గాదు. అతడు ఏ దేశమువాడో చట్టము చెప్పవలెను, కొన్ని తావుల అతడే కోరుకొనవలెను, అదియు గడువులోపల కోరుకొనవలెను. ఈ భేదము తెలియకపోవుటచే మనవారు వేలకొలది నష్టపడిన దేశము బర్మా.

ఆంగ్లేయులు మూడు యుద్ధములు చేసి, 1885 నాటికి బర్మాను పూర్తిగా జయించి, హిందూదేశములో నొక భాగముగా కలిపివేసిరి. అచ్చట అడవులు కొట్టి వరిపొలములు చేయుచుండిరి. ధాన్యము దంచుటకు మరలు, ఎగుమతికి ఓడరేవులు వెలసెను. పనివారు కావలసివచ్చిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల నుండి మనవారు స్టీమరెక్కి రంగూను చేరిరి. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు పేరుమీదుగా అచ్చటివారు తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. రేవులో మూటలు మోసినవారు, రిక్షాలు లాగినవారు, వీధులూడ్చినవారు, బియ్యపుమరలలో చెమటోడ్చినవారు వీరే. 1931 జనాభా లెక్కనాటికి బర్మాలో మన దేశమువారు పది లక్షలకు పైగా నుండిరి. రంగూను నగరమున సగముకంటె ఎక్కువమంది వీరే.

ఇచ్చట బర్మావారి బాధయు మనము గ్రహింపవలెను. తన నగరములో తానే పరాయివాడైనట్లు తోచినచో ఎవనికి మాత్రము మనసు కుదురుగా నుండును? 1930 ప్రాంతమున ధాన్యపు ధరలు పడిపోగా అప్పుదీర్చలేని రైతుల భూములు చెట్టియారుల చేతికి పోయెను. కొన్నియేండ్లలోనే దిగువ బర్మా వరిపొలములలో ఇంచుమించు నాలుగవవంతు వారిదయ్యెను. అప్పిచ్చినవారు వేరు, మూటమోసినవారు వేరు, కాని కోపమునకు ఆ భేదము తెలియదు. 1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని పని మానిరి. ఓడలవారు బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. తగవు తీరి తెలుగువారు తిరిగి రాగా బర్మావారిని పొమ్మనిరి. అంతట కొట్లాట రేగి మనవారనేకులు ప్రాణములు గోల్పోయిరి. ఇద్దరు పేదలు పోట్లాడుకొనిరి, పని యిచ్చినవాడు గట్టున నిలిచెను.

1937 ఏప్రిలు 1 వ తేదీన బర్మా హిందూదేశము నుండి వేరుపడెను. నిన్నటిదాక ఒకే యేలుబడిలో ఇల్లు మారినవారు ఒక్కదినమున పరదేశమందున్నవారైరి. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. నాలుగైదు లక్షలమంది కాలినడకను కొండలు, అడవులు దాటి స్వదేశమునకు పయనమైరి. దారిలో కలరా, మలేరియా, ఆకలి వేలమందిని పొట్టబెట్టుకొనెను. ఆ వృద్ధుడు రంగూనులోనే పుట్టినవాడు. అన్నతోను తల్లితోను మణిపురపు దారిని నడిచెను. "అమ్మను మధ్యలోనే వదిలేశాం" అని మాత్రము చెప్పెను. అంతకుమించి నేనడుగలేదు. యుద్ధము ముగియగానే అన్నదమ్ములు మరల రంగూనుకే పోయిరి. పని అక్కడనే యుండెను, వారి యూరును అదియే.

1948 జనవరి 4 వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. అప్పుడు మనవారి ముందర రెండు వాకిళ్లు తెరవబడెను. మొదటిది బర్మా వాకిలి. 1942 కు ముందు పదేండ్లలోగాని, 1948 కి ముందు పదేండ్లలోగాని ఎనిమిదేండ్లు అచ్చట నివసించి, ఇక అక్కడనే యుందునని కోరుకొన్నవారు అర్జీపై ఆ దేశపు పౌరులు కావచ్చును. రెండవది మన వాకిలి. భారత రాజ్యాంగములో పౌరసత్వమును గూర్చిన విధులు 1949 నవంబరు 26 నుండియే అమలులోనికి వచ్చెను. అందు ఎనిమిదవ యధికరణము ప్రకారము, తానుగాని, తల్లిదండ్రులుగాని, తాతయవ్వలుగాని హిందూదేశమున పుట్టియున్నచో, విదేశమందున్నవాడు అచ్చటి మన రాయబారికడ పేరు నమోదు చేయించుకొని భారతపౌరుడు కావచ్చును.

ఈ రెండింటిలో దేనినైన పట్టుకొన్నవారు బాగుపడిరి. ఏదియు పట్టుకొననివారు అరుగుమీదనే నిలిచిపోయిరి. ఏల పట్టుకొనలేదు? చదువు లేదు. నివాసమునకు సాక్ష్యములగు కాగితములు యుద్ధములో పోయెను. బర్మావారమని వ్రాసియిచ్చినచో సొంతయూరి భూమి పోవునేమోనని భయము, భారతీయులమని వ్రాసినచో చేతిలోని పని పోవునేమోనని భయము. అన్నిటికంటె మించినది, మనము ఎవరి ప్రజలమో అడుగవలసిన పని యేమున్నదన్న పాతకాలపు నమ్మకము. మన వృద్ధుని అన్న అర్జీ పెట్టుకొని బర్మా పౌరుడయ్యెను. ఇతడు, "పెట్టుకుందాంలే, తొందరేమొచ్చింది" అని ఊరకుండెను. గడువు దాటెను. ఒక తల్లి బిడ్డలు, ఒకే గదిలో కాపురమున్నవారు, అన్న దేశీయుడు, తమ్ముడు పరదేశీయుడు!

1962 లో సైన్యాధిపతి నేవిన్ రాజ్యము చేజిక్కించుకొనెను. 1964 మార్చిలో దుకాణములను ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. మే నెలలో ఏబది, నూరు క్యాట్ల నోట్లు చెల్లవనిరి. ఒక్కపూటలో దాచుకొన్న సొమ్ము చిత్తుకాగితమయ్యెను. పనులు పోయినవారు మన రాయబార కార్యాలయమువద్ద బారులు తీరిరి. కొన్నియేండ్లలో లక్షన్నరకు పైగా జనము ఓడలలో చెన్నపట్టణమునకు, విశాఖపట్టణమునకు వచ్చిపడిరి. విశాఖపట్టణమున కంచరపాలెము ప్రక్క బర్మాక్యాంపు అట్లు వెలసినదే. మన వృద్ధుడు 1965 లో చెన్నపట్టణమున దిగి, తెలిసిన పని మరపనియే గాన, మరలున్న నెల్లూరుసీమకు వచ్చెను. అన్న అక్కడనే యుండెను.

1982 లో బర్మావారు క్రొత్తచట్టము చేసిరి. 1823 కి ముందునుండి ఆ దేశమందు స్థిరపడియున్న జాతులవారే పుట్టుకచే పౌరులనిరి. తక్కినవారికి తక్కువ తరగతులు రెండు కల్పించిరి. అప్పటికే పౌరులైనవారి హక్కు మాత్రము నిలిచినది. అనగా ఎన్నడో 1949 ప్రాంతమున వ్రాసిన యొక అర్జీ, ముప్పదియేండ్ల తరువాత ఆ అన్న కుటుంబమును కాచినది. నేటికిని మౌల్మేను ప్రాంతమున తెలుగు కుటుంబములు కలవు.

ఈ కథవలన మనకేమి? చాల కలదు. బిడ్డ పుట్టిన ఇరువదియొక్క దినములలోపల జననము నమోదు చేయించుట చట్టము. ఇది గుమాస్తాలకోసము గాదు, ఆ బిడ్డకోసము. మన సీమ నుండి నేడనేకులు అమెరికా పోవుచున్నారు. అచ్చటి పౌరసత్వము కోరి పుచ్చుకొన్ననాడే 1955 నాటి మన చట్టముచే ఇచ్చటి పౌరసత్వము పోవును. విదేశీభారతీయుల కార్డు రాకపోకలకు వీలిచ్చునేగాని, ఓటునీయదు, పొలము కొననీయదు. పిత్రార్జితము మాత్రము సంక్రమించును. కొడుకు కాగితముపై సంతకము చేయుటకు ముందే ఇంటిపెద్దలు ఈ సంగతి కూర్చుండి మాటలాడుకొనుట మంచిది. అట్లే పొరుగు రాష్ట్రమునుండి మన యూరికి పనికివచ్చిన కూలివానిని "ఎక్కడివాడవు?" అని అడుగునప్పుడు, రంగూను రేవులో మనవారు విన్న ప్రశ్నయు అదియేనని జ్ఞప్తియుంచుకొందము.

కొన్నియేండ్లకు ఆ వృద్ధుడు కాలము చేసెను. అతని కొడుకు కోరగా ఆ వార్త పెదతండ్రికి నేనే వ్రాసితిని. రెండుమాసములకు జవాబు వచ్చెను. తెలుగే, కాని చేయి వణకిన తెలుగు. "ఇక్కడ మన రామాలయంలో తమ్ముడి పేర దీపం పెట్టించాను" అని యుండెను. అతడు బర్మా పౌరుడు, ఇతడు భారత పౌరుడు. రెండును చట్టప్రకారము నిజమే. "మన" యన్న మాటయు నిజమే.

ఆ జాబు నాయొద్దనే కలదు. ఇక సెలవు.