అయుత్తయాలో అమ్మతో ఒక రోజు

పొద్దున్న ఏడింటికే బ్యాంకాక్ ఎండ చుర్రుమంటోంది. హువా లంఫోంగ్ స్టేషన్ లోపల మాత్రం చల్లగా ఉంది. 1916 నాటి కట్టడం, తల మీద ఇంత ఎత్తున కమాను కప్పు. భిక్షువుల కోసం విడిగా ఉంచిన కుర్చీల్లో కాషాయ వస్త్రాలతో ఇద్దరు కూర్చుని ఉన్నారు. దూరం పోయే రైళ్లు 2023లో కొత్త స్టేషన్‌కు మారిపోయాయి గానీ మేమెక్కే ప్యాసింజరు ఇంకా ఇక్కడినుంచే బయలుదేరుతుంది. మూడో తరగతి టికెట్టు ఇరవై బాట్లలోపే.

"అంతేనా? సరిగ్గా అడిగావా?" అంటోంది అమ్మ.

ఏసీ లేదు. పైన ఫ్యాన్లు, పక్కన బార్లా తెరిచిన కిటికీలు. ఊరు దాటేసరికి వరిచేల వాసన మొహానికి కొడుతోంది. బకెట్టులో ఐసు, నీళ్ల సీసాలు పెట్టుకుని ఒకావిడ పెట్టెలోకి వచ్చింది. అమ్మ వేలు చూపించింది, ఆవిడ వేళ్లతోనే ధర చెప్పింది. బేరం ముగిసింది.

సుమారు రెండు గంటల తర్వాత దిగాం. ఈ ఊరి నిండు పేరు ఫ్రా నఖోన్ సి అయుత్తయా. నఖోన్ అంటే నగరం, సి అంటే శ్రీ, అయుత్తయా మన అయోధ్యే. చెప్పగానే అమ్మ చెంపలేసుకుంది. మూడు నదుల మధ్య దీవిలా ఉన్న పాత రాజధాని ఇది. స్టేషన్ ముందే పాసక్ నది. చిల్లర ఇచ్చి పడవలో అవతలి గట్టుకి దాటాం.

వాట్ మహాథాట్. ఎర్రటి ఇటుక గోడలు, అరిగి ఒక పక్కకి ఒరిగిన గోపురాలు. వరసగా కూర్చున్న బుద్ధులు. ఒక్కరికీ తల లేదు. 1767లో బర్మా సైన్యం ఈ నగరాన్ని తగలబెట్టింది. నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచిన రాజధాని అంతటితో అయిపోయింది. ఆ దాడిలో మిగిలిన తలల్లో చాలావాటిని తర్వాత దొంగలు కోసుకుపోయారు. అమ్మ మాట్లాడటం లేదు. ఒక విగ్రహం మోకాలి మీద పడ్డ ఎండుటాకుని తీసి పక్కన పెట్టింది.

ఇంకొంచెం ముందుకెళ్తే రావిచెట్టు. దాని వేళ్ల మధ్య ఒక రాతి బుద్ధుడి ముఖం. వేళ్లు చెంపల పక్కనుంచి, తల మీదనుంచి అల్లుకుని పట్టుకున్నాయి. సగం మూసిన కళ్లు, పెదవి చివర సన్నటి నవ్వు. ఆ ముఖం నేలకి అంత దగ్గరగా ఉంటుందని నేను అనుకోలేదు. ఫోన్ పైకెత్తగానే కాపలాదారు అరచేయి కిందికి ఆడించాడు, కూర్చోమని. బుద్ధుడి తలకంటే మన తల ఎత్తున ఉండకూడదు. నేను గొంతుక్కూర్చున్నాను. అమ్మకి మోకాళ్ల నొప్పి. వద్దమ్మా అనేలోపే నా భుజం పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగింది. ఫొటో సంగతే మర్చిపోయి, చేతులు జోడించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. నిలబడి చూసుంటే ఆ నవ్వు నాకు కనపడేది కాదు.

రాజుల అస్థికలున్న వాట్ ఫ్రా సి సన్‌ఫెట్ మూడు స్తూపాల్ని మిట్టమధ్యాహ్నం ఎండలో త్వరగానే చూసేశాం. నాకు గుర్తుండేది ఆ తర్వాత రోడ్డు పక్కన తిన్న రోటీ సాయ్ మాయ్. దుకాణంలో అమ్మాయి పల్చటి ఆకుపచ్చ రొట్టె పరిచి, అందులో రంగురంగుల చక్కెర నూలు పెట్టి చుట్టి ఇచ్చింది. రొట్టె ఇంకా వెచ్చగా ఉంది.

"పీచు మిఠాయే కదే ఇది! అట్టులో చుట్టారంతే," అంది అమ్మ, ఇంకోటి అందుకుంటూ.

బ్యాంకాక్ వెళ్లినప్పుడు షాపింగ్‌లోంచి ఒక్కరోజు తీసి ఈ ఊరికి ఇవ్వండి. పొద్దున్నే ప్యాసింజరెక్కండి, గొడుగు పెట్టుకోండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకెళ్లండి. రావిచెట్టు దగ్గర మాత్రం ఎవరూ చెప్పకముందే కూర్చోండి.