చెవిపోగు ఎలుకలు చెప్పిన నిజం

1993 మే 14. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం. నవాహో తెగకు చెందిన ఒక యువకుడు కారులో గాలప్ పట్టణానికి వెళ్తున్నాడు. పెళ్లి కుదిరిన అమ్మాయి కొద్దిరోజుల కిందట ఊపిరాడక చనిపోయింది. ఆమె అంత్యక్రియలకే ఈ ప్రయాణం. దారిలోనే అతనికీ ఊపిరి అందలేదు. పరుగు పందేల్లో ఆరితేరిన ఒళ్లు అతనిది. హుటాహుటిన ఆసుపత్రికి చేర్చారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేస్తుండగానే ప్రాణం పోయింది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా నీరు.

అమెరికా ఆదివాసుల ఆరోగ్యం చూసే ఇండియన్ హెల్త్ సర్వీసులో పనిచేసే బ్రూస్ టెంపెస్ట్ ఫోన్ల ముందు కూర్చున్నాడు. చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటినీ అడిగాడు. ఆరోగ్యంగా తిరుగుతూ ఉన్నట్టుండి ఊపిరాడక చనిపోయిన ఐదుగురి సంగతి కొద్ది గంటల్లోనే బయటపడింది. ప్లేగు అనుకున్నారు, కాదు. పురుగుమందు అనుకున్నారు, కాదు. కొత్త రకం ఫ్లూ అనుకున్నారు, అదీ కాదు. జూన్ మొదటి వారంలో అట్లాంటాలోని సీడీసీ ప్రయోగశాల జవాబు చెప్పింది. రోగుల రక్తం హాంటా వైరస్‌లను గుర్తుపడుతోంది.

అక్కడివారెవరూ ఊహించని పేరది. కొరియా యుద్ధంలో వేలమంది సైనికులను మంచాన పడేసిన జ్వరానికి కారణం హాంటా వైరసే. హో వాంగ్ లీ అనే శాస్త్రవేత్త దాన్ని అక్కడి పొలాల ఎలుకల్లో పట్టుకున్నాడు. అంతకన్నా ముందే, 1964లో, మన పక్కనే వేలూరు తొట్టపాలెంలో పట్టిన ఒక చుంచులో ఓ వైరస్ దొరికింది. అదీ ఈ కుటుంబానిదేనని చాలా ఏళ్ల తర్వాత తేలింది. (చుంచు అసలు ఎలుక జాతే కాదు లెండి.) అప్పటిదాకా తెలిసిన హాంటాలు మూత్రపిండాలను దెబ్బతీసేవి. ఊపిరితిత్తుల్లో నీరు నింపే హాంటాను ఎవరూ చూడలేదు. కానీ హాంటా అంటే ఎలుకల్ని వెతకాలి. అంతవరకు అందరికీ తెలుసు.

నవాహో పెద్దలకు ఇంకొంచెం ఎక్కువే తెలుసు. ఎలుక బయటి లోకానిది, అది ఇంట్లోకి రాకూడదు, అది ముట్టిన బట్ట కాల్చేయాలి అన్నది వాళ్ల తాతలనాటి కట్టుబాటు. వానలు బాగా పడి పిన్యాన్ గింజలు విరగకాసిన ఏడాది ఎలుకలు పెరుగుతాయని, వాటి వెంట చావులు వస్తాయని కూడా చెప్పారు. సెవియెటా పరిశోధన క్షేత్రంలో రాబర్ట్ పార్మెంటర్ బృందం లెక్కలు తీస్తే ఆ మాటే నిజమైంది. 1992 మేతో పోలిస్తే 1993 మేలో ఎలుకలు పది రెట్లయ్యాయి. ఎల్ నినో తెచ్చిన వానలు, మంచు గింజలకు కొదవ లేకుండా చేశాయి. పత్రికలేమో ఆ జబ్బుకు నవాహో పేరు తగిలించి ఒక జాతినే అంటరానిదాన్ని చేశాయి. పోయినవారి పేరు నాలుగు రోజులపాటు ఎత్తకూడని ఇళ్ల ముందు మైకులు పెట్టాయి. ఆ సిగ్గు మా వృత్తిది.

ఆ వేసవిలో దాదాపు 1,700 ఎలుకల్ని పట్టారు. బోనులు పెట్టేటప్పుడు మాస్కులు వేసుకుంటే ఊరంతా హడలిపోతుందని, మామూలు బట్టల్లోనే ఇళ్ల చుట్టూ తిరిగారు. కోసి పరీక్షించేటప్పుడు మాత్రం పూర్తి రక్షణ దుస్తులు వేసుకున్నారు. ఎక్కువగా చిక్కింది డీర్ మౌస్. వీపు గోధుమరంగు, పొట్ట తెలుపు, పెద్ద కళ్లు, పెద్ద చెవులు. ఈ చిట్టెలుకల్లో దాదాపు 30 శాతం వాటి రక్తంలో వైరస్ తాలూకు యాంటీబాడీలున్నాయి. వైరస్‌కు పెట్టిన మొదటి పేరు మీద స్థానికులు గొడవ చేయడంతో చివరికి సిన్ నోంబ్రే అని ఖాయం చేశారు.

ఇక్కడిదాకా చాలామంది రాశారు. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి కథ.

పట్టిన ఎలుకలు చలాకీగా ఉన్నాయి. బొచ్చు నిగనిగలాడుతోంది. తిండి తింటున్నాయి, పిల్లల్ని పెడుతున్నాయి. ఆ రోజుల్లో జబ్బు పడిన మనుషుల్లో సగానికి పైగా చనిపోతున్నారు. ఇప్పటికీ పదిమందిలో నలుగురి దాకా పోతారు. అదే వైరస్‌ను ఊపిరితిత్తుల్లో మోస్తూ, ఉచ్చలో, పెంటికల్లో, ఉమ్మిలో విడుస్తూ ఎలుక మాత్రం హాయిగా తిరుగుతోంది. ప్రయోగశాలలో కావాలని వైరస్ ఎక్కించి చూసినా పైకి ఏ జబ్బూ కనిపించలేదు. కారణం కొంత తర్వాత తెలిసింది. మనిషిని చంపేది ఒక్క వైరస్ కాదు. దాన్ని తరమబోయి మన రక్షణ వ్యవస్థ చేసే రభసకు సన్నని రక్తనాళాల గోడలు కారిపోతాయి, ఆ నీరే ఊపిరితిత్తుల్ని ముంచుతుంది. ఎలుక ఒంట్లో ఆ రభసను అణిచే టి కణాలు ముందుకొస్తాయని టోనీ షౌంట్జ్ బృందం 2007లో చూపింది. వైరస్ పోదు, ఎలుకా పోదు. యుగాలుగా కలిసి బతికి ఒక ఒప్పందానికి వచ్చాయని, ఎలుకకు దీనివల్ల నష్టమేమీ లేదని పాఠ్యపుస్తకాలు రాసేసుకున్నాయి.

ఆ మాటను తేల్చడానికి మోంటానా రాష్ట్రంలో కాస్కేడ్ ఊరి దగ్గర గడ్డి మైదానం కావలసి వచ్చింది. మోంటానా టెక్‌లో పనిచేసే రిచర్డ్ డగ్లస్ బృందం 1994లో అక్కడ బోనులు పెట్టింది. హెక్టారు నేల, వరుసకు పది చొప్పున వంద అల్యూమినియం పెట్టెలు. ఒక్కోదాంట్లో కాస్త ఓట్స్, వేరుశనగ ముద్ద. రాత్రి చలికి ఎలుక చావకుండా పాలియెస్టర్ దూది. నెలకు మూడు రాత్రులు. చలికాలపు తెల్లవారుజామున, మాస్కులు బిగించుకున్న మనుషులు పెట్టె పెట్టె దగ్గరా వంగి మూత తెరుస్తారు. ఎలుకను తూస్తారు, ఆడో మగో చూస్తారు, ఒంటి మీది గాట్లు లెక్కపెడతారు, బొట్టు రక్తం తీస్తారు, చెవికి నంబరు పోగు వేస్తారు. ఎక్కడ పట్టారో అక్కడే వదులుతారు. మళ్లీ నెలకు అదే నంబరు దొరికిందా అన్నదే ప్రశ్న. బడిలో హాజరు పట్టీ చూసినట్టే. ఒక్క ఎలుక రాకపోతే చచ్చిందో, వలసపోయిందో చెప్పలేం. వందల నంబర్లు, ఏళ్ల తరబడి, జబ్బున్నవీ లేనివీ వేరుచేసి చూస్తేనే తేడా తెలుస్తుంది.

వాటిలో ఒక మగ ఎలుకను ఊహించుకుందాం. వసంతంలో పుడుతుంది. తల్లికి వైరస్ ఉంటే, ఆమె ఇచ్చిన యాంటీబాడీలు మొదటి కొన్ని వారాలు కాపాడతాయి. తర్వాత ఆ కవచం పోతుంది. జత కట్టే కాలం వస్తుంది. మరో మగ ఎలుక ఎదురుపడుతుంది. కొట్లాట, ఒక కాటు. వైరస్ ముఖ్యంగా ఇలాగే పాకుతుందని గాట్లున్న ఎలుకల రక్తమే చెప్పింది. వచ్చే నెల బోనులో పడితే రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తాయి. బరువు తగ్గలేదు, నడక మారలేదు. పట్టినవాడు ‘బాగానే ఉంది’ అని రాసుకుని వదిలేస్తాడు. ఆపై నెల ఆ నంబరు రాదు. గుడ్లగూబో, చలో, ఆకలో ఏదో ఒకటి. ఏడాది నిండా బతికే డీర్ మౌస్ ఎటూ అరుదు. ఎవరు మాత్రం అనుమానిస్తారు?

పదిహేనేళ్ల పట్టీని లెక్కకట్టిన ఏంజెలా లూయిస్ అనుమానించింది. ఆమె, డగ్లస్, మరికొందరు కలిసి 2012లో అచ్చువేసిన ఫలితం ఇది: వైరస్ సోకిన మగ ఎలుకలు బతికి ఉండే అవకాశం, సోకని ఎలుకలతో పోలిస్తే 13.4 శాతం తక్కువ. అవి జత కట్టే దశలో ఉంటే, ఆ దశలో లేని ఆరోగ్యవంతమైన ఎలుకలకన్నా 21.3 శాతం తక్కువ. సంతానం కోసం పాటుపడే ఒంటికి రోగంతో పోరాడే సత్తువ మిగలదన్నది నాకు సబబుగా తోచే వివరణ. ఏమైనా, ఎలుకకు నష్టం లేదన్న మాట అక్కడితో చెల్లిపోయింది.

ఇది ఒక్క మోంటానా ముచ్చట కాదు. ఫిన్లాండ్‌లో పూమలా అనే హాంటా సోకిన బ్యాంక్ వోల్ ఎలుకలు, సోకనివాటికన్నా తక్కువగా చలికాలం దాటుతున్నాయని ఎవా కాలియో బృందం 2007లో చూపింది. ఇంగ్లండ్‌లో కౌపాక్స్ వైరస్ మరీ విచిత్రం. సోకిన ఎలుక పైకి బాగానే కనిపిస్తుంది, మొదటి కాన్పు మాత్రం 20 నుంచి 30 రోజులు వెనక్కి పోతుంది. మనకు నెల అంటే నెలే. ఏడాది బతకని ప్రాణికి అది సగం యవ్వనం. ప్రయోగశాల బోనులో గింజలు, నీళ్లు, వెచ్చదనం అన్నీ ముందు పెట్టి ‘జబ్బు లేదు’ అని రాసుకున్నారు. బయట మంచు ఉంటుంది, గద్ద ఉంటుంది. కాస్త నీరసమే అక్కడ చావుకు చాలు.

ఈ లెక్క ఎలుకల మీద జాలికోసం కాదు. సోకిన మగవి త్వరగా పోతుంటే, ఎలుకలు పలచబడిన చోట వైరస్‌కు ఇంకో ఒళ్లు దొరక్క అదీ ఆరిపోతుంది. అందుకే సిన్ నోంబ్రే ఒక లోయలో మాయమై ఇంకో లోయలో తేలుతుంది. ఎక్కడ ఎప్పుడు మనిషిని పట్టుకుంటుందో ముందే చెప్పలేకపోవడానికి ఇదొక కారణమని లూయిస్ బృందం అంది.

2012 వేసవిలో కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో అలాగే తేలింది. కర్రీ విలేజ్ డేరా గదుల గోడల మధ్య డీర్ మౌస్‌లు గూళ్లు పెట్టాయి. పార్కుకు వచ్చినవాళ్లలో పదిమందికి వైరస్ సోకింది, ముగ్గురు చనిపోయారు. సెలవుల్లో మన తెలుగువాళ్లు పిల్లలతో వెళ్లే చోట్లే ఇవన్నీ. అమెరికా పశ్చిమాన మూసి ఉంచిన క్యాబిన్ అద్దెకు తీసుకున్నా, కార్ షెడ్డు శుభ్రం చేయబోయినా, పెంటికలు కనిపిస్తే చీపురు పట్టకండి, వాక్యూమ్ పెట్టకండి. ఆ దుమ్ములోనే వైరస్ ఉంటుంది. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయట ఉండండి. చేతులకు గ్లౌజులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, ఐదు నిమిషాలాగి కాగితంతో తుడవండి. ఆ తర్వాత ఎనిమిది వారాల్లోపు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఫ్లూ అని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి, ఎలుకలున్న చోటికి వెళ్లొచ్చామన్న మాట డాక్టరుకు ముందే చెప్పండి. ఈ వైరస్‌ను చంపే మందు ఇంకా రాలేదు. సమయానికి ఐసీయూలో చేర్చడమే ప్రాణం నిలిపే దారి.