కావలి తగ్గిన దేహము

మెదడులో బుట్టు క్యాన్సరుకంతిని శస్త్రముతో దీసివైచినను దాని వేళ్ళు కొన్ని మిగులును. వానిని జంపుటకై యిచ్చు మందు, రోగములతో బోరాడు రక్తములోని తెల్లకణములను గూడ దగ్గించును. మెదడువాపునకిచ్చు స్టెరాయిడు ఆ రక్షణను మఱింత సడలించును. కావలి లేని చేనిలో బిచ్చుకయు దొంగయే కదా! ఆరోగ్యవంతుని నేమియు జేయజాలని యల్పజీవులు అప్పుడు విజృంభించును. వానిలో నొకదాని చరిత్రమే నేటి ప్రసంగము.

1909లో బ్రెజిలు వైద్యుడు కార్లోస్ చాగాస్ గినీపందుల యూపిరితిత్తులలో దీనిని జూచి, తాను బరిశోధించుచున్న వేఱొక క్రిమియొక్క దశయని భ్రమించెను. 1912లో బారిసునందు డెలనో దంపతులు ఎలుకలలో దీనినే కనుగొని, ఇది వేఱుజీవియని తేల్చి, న్యుమోసిస్టిస్ అని పేరిడిరి. ఎలుకల జబ్బుతో మనుష్యులకేమి పని యని లోకము మఱచెను. రెండవ ప్రపంచయుద్ధము నాటినుండి మధ్యఐరోపాలోని యనాథాలయములందు బలహీనశిశువులు ఊపిరాడక మరణించుచుండిరి. 1950 తరువాత, నాటి జెకోస్లొవేకియాలో ఒట్టో యీరోవెట్స్ మొదలగువారు దానికి గారణము ఈ జీవియే యని చూపిరి. ఇది బూజుజాతిదని తేలుటకు 1988వ సంవత్సరము రావలసివచ్చెను.

జాతి తెలియకమున్నే మందు దొరకెను! 1977లో అమెరికాలోని మెంఫిస్ నగరమున వాల్టర్ హ్యూజ్ మొదలగువారు క్యాన్సరు గల 160 మంది పిల్లలను రెండు భాగములు చేసిరి. ఉత్తగుళిక తిన్న 80 మందిలో 17 మందికి ఈ న్యుమోనియా వచ్చెను. కోట్రైమాక్సజోల్ అను చవుకమందు తిన్న 80 మందిలో నొక్కరికిని రాలేదు. ఇంత స్పష్టమైన లెక్క వైద్యచరిత్రలో నరుదు.

పిమ్మట స్విట్జర్లాండులోని లొసాన్ నగరమున రోజర్ స్టుప్ మొదలగువారు మెదడుకంతికి గిరణచికిత్సతోపాటు టెమొజొలొమైడు అను మందును బ్రతిదినము ఇచ్చిచూచిరి. 2002లో వారు ప్రకటించినదాని ప్రకారము, మొదటి 15 మందిలోనే యిద్దరికి ఆ పాతశత్రువు పట్టెను. ఆ జబ్బు పొడిదగ్గు, జ్వరము, ఆయాసములతో నారంభించును. ఇంటివారు కంతివలని నీరసమేయని యూరకుందురు. అటుపిమ్మట చేరినవారికెల్ల ముందుగనే రక్షణమందు విధిగా నిచ్చిరి. 2005లో వెలువడిన 573 మంది రోగుల పరీక్షలో, కిరణములు మాత్రమే పొందినవారిలో రెండేండ్లు జీవించినవారు నూటికి 10 మంది కాగా, ఈ మందు గూడ దిన్నవారిలో 26 మంది. ఆ మందును సాగించు వైద్యులు నేటికిని తెల్లకణములను లెక్కించుచు, అవి కోలుకొనువఱకు రక్షణమందును మానరు.