ముసలోళ్ల ఓటు ఇంటికాడ్నే.. తారీఖు దాటనియ్యకుర్రి

మా ఘట్‌కేసర్ పార్లమెంటుకు మల్కాజిగిరి కింద వస్తది. 2024 మే 13న పోలింగు. ఈటల రాజేందర్, పట్నం సునీతా మహేందర్‌రెడ్డి, రాగిడి లక్ష్మారెడ్డి నడుమ పోటీ. మా నాయినమ్మకు 86 ఏండ్లు, మంచం దిగలే, ఓటు పోయింది. తప్పు నాదే. ఫారం 12డి సంగతి నాకెరుక లేకుండె.

85 ఏండ్లు పైబడ్డోళ్లు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నోళ్లు ఇంటికాడ్నే ఓటెయ్యొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన 5 రోజులల్ల ఆ ఫారం నింపి బీఎల్‌వోకు ఇయ్యాలె. పోలింగుకు ముందుగాల్నే సార్లు బ్యాలెట్ పట్టుకొని ఇంటికొస్తరు. గప్పుడు ఇంట్ల లేకుంటే ఇంకొక్కపారి వస్తరు, గంతే. యాదిపెట్టుకోండ్రి, ఫారం మంజూరైనంక పోలింగు బూత్‌ల ఓటియ్యనియ్యరు.

ఈటల 3.9 లక్షల మెజార్టీతోటి గెలిచిండు. "నీ ఒక్క ఓటుతోటి ఏమైతుండె" అన్న. "నేనింకా బతికే ఉన్న గద బిడ్డా" అన్నది నాయినమ్మ.